పేదవాడి తొలి పుస్తకం ఏ భాషలో ఉండాలి?

తెలుగునాట బోధనామాధ్యమం గురించి తగవు రేగినప్పుడల్లా ఒక వాదం తప్పకుండా వినవస్తుంది. "కాన్వెంటు బళ్ళను చూడండి. మిషనరీలు ఇంగ్లీషులో చదువు చెప్పారు. అక్కడ చదివినవాళ్ళే పైకి వచ్చారు. ఆ చదువే పేదవాడికీ ఇస్తామంటే మీకెందుకు కంటగింపు?" అని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బళ్ళలో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చినప్పుడు ఈ వాదమే విన్నాను. 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానం ఆ ఉత్తర్వులను కొట్టివేసినప్పుడూ ఇదే విన్నాను. 2022లో తెలంగాణ ప్రభుత్వం కూడా ఆ బాటనే పట్టినప్పుడు మళ్ళీ ఇదే. వాదించేవారిలో నా ఆప్తమిత్రులున్నారు. వారి ఉద్దేశాన్ని నేను శంకించను. వారి చరిత్ర మాత్రం తలకిందులుగా ఉన్నదని చెప్పడానికే ఈ వ్యాసం.

నేను కోస్తాలో ఒక చిన్న పట్నంలో అటువంటి బడిలోనే అయిదేళ్ళు చదివాను. దాని పేరు ఇక్కడ అనవసరం. తెలుగుమాట నోట వస్తే పది పైసల జరిమానా. పైసలు లేనివాడు మెడలో ఒక అట్టముక్క తగిలించుకొని, తెలుగు మాట్లాడే మరొకణ్ణి పట్టుకొనేదాకా తిరగాలి. నా పక్కన కూర్చునే ఒక దర్జీగారి అబ్బాయి మూడో తరగతిలో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. మాట్లాడటం మానేశాడు. రెండేళ్ళపాటు బడిలో వాడి గొంతు విన్నవాళ్ళు లేరు. అయిదో తరగతి మధ్యలో బడికి రావడమూ మానేశాడు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. ఆ బడి నన్ను పైకి తెచ్చిందని మా బంధువులు నేటికీ చెప్పుకొంటారు. వాణ్ణి ఏం చేసిందో ఎవరూ చెప్పుకోరు.

చాలాకాలం నేను కూడా అది మిషనరీ చదువు లక్షణమనే అనుకొన్నాను. తరవాతెప్పుడో మనం తరగతిగది అంటున్న ఈ ఏర్పాటు ఎక్కడిదని వెతుకుతూ పోయాను. ఒకే స్థాయి పిల్లలు, అందరి చేతుల్లో ఒకే పుస్తకం, అందరికీ ఒకేసారి చెప్పే ఒకే గురువు. ఆ వెతుకులాటలో ఎదురైన మనిషి జాన్ బాప్తిస్త్ ద లసాల్. ఆయన స్థాపించిన కథోలిక బోధకసభ పేరు క్రైస్తవ పాఠశాలల సహోదరుల సభ. ఈ ఏర్పాటు మొత్తం ఆయన ఒక్కడే కనిపెట్టాడనడం అతిశయోక్తి. కాని దాన్ని వందలాది పేదబళ్ళకు పనికివచ్చే పద్ధతిగా మలచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రాన్సులో పుట్టిన బోధక సహోదర సభలు అనేకం ఆయన సభ నమూనాగానే నడిచాయి. తెలుగునేలమీద పాఠశాలలు పెట్టిన కథోలిక సభలు చాలావరకు వేరేవే. అయినా ఆ వంశవృక్షపు వేళ్ళు వెతికితే ఈయన దగ్గరకు వెళ్ళవలసిందే. వెళ్ళి చూస్తే కనబడేది ఇదీ: ఆ బడిలో మొట్టమొదట చేసిన పని గొప్పవాళ్ళ భాషను మొదటి పాఠంలోనుంచి తీసివేయడం.

అన్నం బల్ల దగ్గర మొదలైన కథ

లసాల్ 1651 ఏప్రిల్ 30న ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో పుట్టాడు. తండ్రి న్యాయస్థానంలో సలహాదారు. కలిగిన కుటుంబం. రాజులకు పట్టాభిషేకం జరిగే రీమ్స్ ప్రధానాలయంలో పదహారేళ్ళకే కానన్ పదవి వచ్చింది. అంటే ఆలయంలో ప్రార్థనలకు కూర్చొనే గౌరవస్థానమూ, దానికి తగిన రాబడీ. పారిస్‌లో వేదాంతం చదువుతుండగా తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోయారు. ఇంటికి వచ్చి తోబుట్టువుల భారం నెత్తిన వేసుకొన్నాడు. 1678లో గురుపట్టం పొందాడు. 1680లో వేదాంతంలో డాక్టరయ్యాడు. ఇంతవరకు ఆయన జీవితంలో పేదవాడి బడి లేదు.

1679లో ఆద్రియాన్ నియెల్ అనే ఆయన రూఆన్ నుంచి రీమ్స్ వచ్చాడు. గురువు కాదు, గృహస్థు. పేద మగపిల్లలకు ఉచితంగా బడి పెట్టాలని ఆయన పట్టుదల. లసాల్ దారి చూపాడు, అండ సంపాదించి పెట్టాడు, అక్కడితో తన పని అయిపోయిందనుకొన్నాడు. నియెల్ మొదలుపెట్టడంలో దిట్ట, నిలబెట్టడంలో కాదు. ఒక బడి నిలదొక్కుకోకముందే మరొకటి తెరవడానికి పరుగెత్తేవాడు. ఉపాధ్యాయులు చూస్తే అరకొర చదువువాళ్ళు, పద్ధతి లేనివాళ్ళు, వేరే పని దొరక్క వచ్చినవాళ్ళు. వాళ్ళను తన ఇంటి పనివాడికంటే తక్కువగా చూశాననీ, వాళ్ళతో కలిసి బతకవలసివస్తుందని తెలిస్తే అసలు ఇందులో దిగేవాణ్ణి కాననీ లసాల్ తరవాతికాలంలో తానే రాసుకొన్నాడు. ఈ ఒప్పుకోలు ఆయనమీద నా గౌరవాన్ని పెంచింది.

ముందు ఆ ఉపాధ్యాయులను భోజనానికి తన ఇంటికి రప్పించాడు. 1681 జూన్‌లో ఇంట్లోనే ఉండమన్నాడు. బంధువర్గం భగ్గుమంది. అటువంటివాళ్ళ సరసన తమ్ముళ్ళను కూర్చోబెడతావా అని నిలదీసి పిల్లలను ఆయన దగ్గరనుంచి తీసుకువెళ్ళారు. మరుసటి ఏడు ఆయనే ఇల్లు వదిలి ఉపాధ్యాయులతో కలిసి ఒక అద్దెకొంపలోకి మారాడు.

అయినా వాళ్ళకు ఆయనమీద గురి కుదరలేదు. దేవుడిమీద భారం వేయండి, రేపటి గురించి బెంగ పడకండి అని బోధిస్తుంటే వాళ్ళు ఎదురు తిరిగారు. మీకేం బాబూ, మీకు పదవి ఉంది, ఆస్తి ఉంది. రేపు ఈ బడి మూతపడితే వీధిన పడేది మేము అన్నారు. సారాంశం అదీ. ఇందుకు సమాధానం లేదని ఆయనకు తెలుసు. 1683లో కానన్ పదవికి రాజీనామా చేశాడు. దాన్ని సొంత తమ్ముడికి ఇప్పించుకోమని అందరూ చెప్పినా వినక ఒక పేద గురువుకు వదిలాడు. 1683–84 చలికాలంలో కరవు వచ్చింది. ఆస్తి అమ్మి రొట్టెలు పంచాడు. ఆ సొమ్ము తన బళ్ళకే పెట్టుబడిగా పెట్టవచ్చు గదా అన్నవారున్నారు. పెట్టలేదు. ఉపాధ్యాయులూ తానూ ఒకే నేలమీద నిలబడాలనుకొన్నాడు. ఆ నేల ఖాళీదైనా సరే.

భాష విషయంలో ఆయన నిర్ణయాన్ని చూడబోయేముందు ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆ నిర్ణయం చేసిన మనిషి ఎక్కడ నిలబడి చేశాడన్నది నాకు నిర్ణయమంత ముఖ్యం.

మూసిన లాటిన్ పుస్తకం

ఆనాటి చిన్నబళ్ళలో చదవడం లాటిన్‌తో మొదలయ్యేది. పిల్లవాడి చేతికి లాటిన్ ప్రార్థనలో, కీర్తనలో ఇచ్చేవారు. లాటిన్‌లో రాసిన అక్షరమల్లా పలుకుతుంది, ఫ్రెంచిలో పలకని అక్షరాలు చాలా ఉంటాయి, కాబట్టి లాటిన్‌తో మొదలుపెడితే సులువు అన్నది పండితుల సమర్థన. దానికి తోడు అది దేవుడి భాష, న్యాయం భాష, విశ్వవిద్యాలయం భాష. పెద్దమనిషి అన్నవాడికి లాటిన్ రావాలి. పేదవాడి కొడుకు ఆ గుమ్మం దగ్గర కొన్ని నెలలు కూర్చుని, అర్థం కాని మాటలు కూడబలుక్కొని, తండ్రి పనికి పిలవగానే లేచి వెళ్ళిపోయేవాడు. వాడికి లాటినూ రాదు, ఫ్రెంచి చదవడమూ రాదు.

లసాల్ బడిలో చదవడం ఫ్రెంచితో మొదలైంది. ముందు గోడమీది పటంలో అక్షరాలు, తరవాత గుణింతం వంటి కూడికలు, తరవాత ఫ్రెంచి పుస్తకాలు. ఫ్రెంచి బాగా చదవగలిగినవాడికే ఆఖరున లాటిన్ కీర్తనల పుస్తకం, అదీ గుడిలో ప్రార్థనకు పనికివచ్చేటంత మట్టుకే. చివరి మెట్టులో చేతిరాత కాగితాలు: రసీదులు, అప్పుపత్రాలు, కౌలు ఒప్పందాలు. వాటిని చదవడమూ రాయడమూ నేర్పించేవారు. ఏ తండ్రి వేలిముద్రమీద ఎవడు ఏం రాసుకొన్నాడో ఆ కొడుకు చదవగలగాలన్నమాట. ఈ పద్ధతంతా పాఠశాలల నిర్వహణ గురించిన గ్రంథంగా 1706 నాటికి రాతప్రతిలో ఉన్నది. ఆయన మరణానంతరం 1720లో అవిన్యోన్‌లో అచ్చయింది.

షార్త్ర్ నగరపు మేత్రాణులవారు దీనిమీద అభ్యంతరం చెప్పారు. ఆయన లసాల్‌కు మిత్రుడే. లాటిన్‌తోనే మొదలుపెట్టమన్నారు. లసాల్ ఇచ్చిన జవాబును ఆయన జీవితచరిత్ర రాసిన బ్లేన్ 1733లో నమోదు చేశాడు. అందులోని తర్కాన్ని నా మాటల్లో చెబుతాను. తెలిసిన భాషలో చదవడం తెలియని భాషలో చదవడంకంటే త్వరగా వస్తుంది. ఫ్రెంచి చదవడం వచ్చినవాడికి లాటిన్ చదవడం తేలిక, ఆ తోవ తిరగబడదు. ఈ పిల్లలు బడిలో ఉండేది కొద్దికాలం; ఆ కొద్దికాలంలో చేతికి అందనిదాన్ని పెడితే ఏదీ అందకుండానే పోతారు. అర్థం తెలియని భాషను ఎన్నాళ్ళు చదివినా బాగా చదవడం రాదు.

ఇందులో భాషాభిమానం మచ్చుకైనా లేదు. ఫ్రెంచితల్లి లేదు, మాతృభాషా వైభవం లేదు. ఉన్నదల్లా పిల్లవాడి చేతిలో ఉన్న కాలం ఎంత అన్న లెక్క. మూడువందల ఏళ్ళ తరవాత మనం చేస్తున్న వాదాలకంటే ఈ లెక్కే గట్టిదని నా అభిప్రాయం.

దేశభాషతో మొదలుపెట్టడంలో ఆయన మొదటివాడేమీ కాదు. కొమేనియస్ అంతకుముందే అది చెప్పాడు. ఫ్రాన్సులోనే పోర్‌రాయల్ మఠం వారి బళ్ళు ఆ పని చేశాయి. అయితే అవి కొద్దిమంది ఎంపిక చేసిన పిల్లల బళ్ళు. లసాల్ ఉచితంగా, గుంపుకు గుంపుగా, వీధిపిల్లలకు చేశాడు. అందుకు తగ్గ ఉపాధ్యాయులు దొరకరు కాబట్టి వాళ్ళను తయారుచేయడానికి 1680లలోనే రీమ్స్‌లో పల్లెటూరి ఉపాధ్యాయుల శిక్షణాలయం పెట్టాడు. ఐరోపాలో ఆ జాతి సంస్థల్లో అది తొలివాటిలో ఒకటి. మాధ్యమం మార్చేముందు ఉపాధ్యాయుణ్ణి తయారుచేసుకోవాలని ఆయనకు తెలుసు. మన ప్రభుత్వాలకు ఉత్తర్వు తయారుచేయడం తెలుసు.

ఎవరికి కోపం వచ్చింది?

ఒక సంస్కరణ నిజంగా ఎవరికి మేలు చేస్తుందో తెలియాలంటే దానిమీద ఎవరికి కోపం వచ్చిందో చూడాలి.

1688లో లసాల్ పారిస్ వెళ్ళి సెంట్ సుల్పీస్ విచారణలో బడి చేపట్టాడు. అక్కడ రుసుము తీసుకొని చదువు చెప్పే గురువుల సంఘమూ, దస్తూరి నేర్పే రాయసగాళ్ళ సంఘమూ ఆయనమీద న్యాయస్థానాలకెక్కాయి. ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు, జప్తులు, జరిమానాలు. 1706లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది. వాళ్ళ ఫిర్యాదేమిటంటే, పేదలకని చెప్పి రుసుము ఇచ్చుకోగల పిల్లలనూ ఉచితంగా చేర్చుకొంటున్నాడని. పేద పిల్లల జాబితా చూపించు, ఎవడు ఎంత పేదో తేల్చు అన్నారు. లసాల్ గుమ్మంలో పేదరికానికి తనిఖీ పెట్టడానికి ఒప్పుకోలేదు. అందరికీ ఉచితం, అందరూ ఒకే బల్లమీద. ఈ వ్యాజ్యాలు అప్పుడప్పుడు నాకు మన కార్పొరేటు విద్యావ్యాపారులను గుర్తుకు తెస్తాయి. సర్కారు బడి బాగుపడితే నష్టపోయేది ఎవరో వాళ్ళకు బాగా తెలుసు.

రెండో కోపం మరింత విచిత్రమైనది. లసాల్ 1719 ఏప్రిల్ 7న, శుభశుక్రవారంనాడు, రూఆన్‌లో కన్నుమూశాడు. అప్పటికి సభలో సుమారు వందమంది సహోదరులు. 1724లో రాజముద్ర, 1725లో పోపుగారి ఆమోదం వచ్చాయి. బళ్ళు పెరిగాయి. 1763లో బ్రిటనీ న్యాయసభలో ప్రాసిక్యూటర్ అయిన లా షలోతే జాతీయవిద్య గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. జెస్యూట్లను విద్యారంగంనుంచి వెళ్ళగొట్టడంలో ముందున్న నవీనభావాల మనిషి. అందులో ఆయన లసాల్ సహోదరులమీద చేసిన ఆరోపణ ఏమిటో ఊహించగలరా? చిత్రిక పట్టడమో, ఆకురాయి పట్టడమో నేర్చుకోవలసిన పిల్లలకు చదవడమూ రాయడమూ నేర్పి చెడగొడుతున్నారని. దీన్ని చదివి అభినందిస్తూ ఉత్తరం రాసినవాడు మరెవరో కాదు, వోల్టేరు. కూలివాళ్ళకు చదువు వద్దన్నందుకు కృతజ్ఞత చెప్పుకొన్నాడు. తన పొలానికి పనివాళ్ళు కావాలి, ఆ సహోదరులను పంపితే నాగళ్ళు పట్టిస్తానన్నాడు.

మతాన్ని మూఢత్వమనీ వోల్టేరును వెలుగు అనీ పాఠంగా చదువుకొన్న తరం మాది. వోల్టేరు చేసిన మేలు నేను కాదనను. కాని పేదవాడి పిల్లవాడి చేతిలో పుస్తకం పెట్టాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న దగ్గర జపమాల పట్టినవాడు ఒక పక్కన, హేతువాది మరో పక్కన నిలబడ్డారు. అభ్యుదయం పేరు చెప్పుకొన్నంతమాత్రాన పేదవాడి పక్షం కాదన్నది ఇక్కడి పాఠం. ఇది నా మిత్రులకు ఎంత వర్తిస్తుందో నాకూ అంతే వర్తిస్తుంది. ఎలాగో చివర చెబుతాను.

నియమం శిల అయినప్పుడు

ఆయనను పొగిడి ఊరుకొంటే ఇది వ్యాసం కాదు, భజన. ఆయన సభ దారి తప్పిన తీరు కూడా చెప్పాలి.

సహోదరుల్లో గురుపట్టం ఎవరికీ ఉండకూడదని లసాల్ నియమం. గురువైతే పూజ చేయాలి, పీఠం ఎక్కాలి, బడి వదలాలి. అదే కారణంతో సహోదరులు లాటిన్ నేర్చుకోకూడదు. ముందే వచ్చి ఉంటే రానట్టే ఉండాలి. లాటిన్ ఆనాడు నిచ్చెన. నిచ్చెన ఎక్కినవాడు కింద ఉన్న పిల్లలను మరచిపోతాడని ఆయన భయం. సహేతుకమైన భయమే.

రెండు శతాబ్దాలు గడిచాయి. అమెరికాలో సహోదరులు వలసవచ్చిన కుటుంబాల పిల్లలకు కళాశాలలు నడుపుతున్నారు. ఆ దేశంలో ఆనాడు పై చదువులకు లాటిన్ కావాలి. కాబట్టి వాళ్ళు లాటిన్ చెబుతున్నారు. ఫ్రాన్సులోని పెద్దలు నియమం నియమమే అన్నారు. 1897 నాటి మహాసభ నిషేధాన్ని బిగించింది. ఎదిరించిన అమెరికా పెద్దలను దేశాంతరాలకు బదిలీ చేశారు. లాటిన్ పాఠాలు ఆగిపోయాయి. 1923లో పోపు పదకొండవ పయస్ చెబితేగాని ఆ నిషేధం పోలేదు. పేదవాడికోసం లాటిన్ పుస్తకాన్ని మూసినవాడి పేరుమీద, పేదవాడి కొడుకుకు లాటిన్ తలుపు మూశారు.

తెలుగు అభిమానులమని చెప్పుకొనే మనం ఈ ఉదంతాన్ని రెండుసార్లు చదవాలి. భాషను ఎంచుకోవడం ఒక సాధనం. ఎవరికోసం ఎంచుకొన్నామో మరచిపోయిన రోజున ఏ భాష అయినా గొలుసే.

అటు రెండో రకం తప్పూ జరిగింది. 1852లో సహోదరులు పినాంగ్‌లోనూ సింగపూరులోనూ బళ్ళు చేపట్టారు. వలసప్రభుత్వపు నీడలో అవి ఇంగ్లీషు బళ్ళయ్యాయి. 1911లో మనీలాలో మొదలైన వారి పాఠశాల కాలక్రమాన ఫిలిప్పీన్స్ సంపన్నవర్గం పిల్లల విద్యాసంస్థగా పేరుపడింది. ఫ్రెంచిలో చెప్పండి అన్నవాడి వారసులు ఆసియాలో ఆయన తర్కాన్ని తిరగేశారు. పిల్లవాడి ఇంటిభాష స్థానంలో పాలకుడి భాష వచ్చి కూర్చుంది. ఈనాడు ఎనభైకి అటూఇటూగా దేశాల్లో ఈ సభ బళ్ళున్నాయి. వాటిలో నిజంగా పేదలకోసం నడిచేవీ ఉన్నాయి. అన్నిటినీ ఒక గాటన కట్టను.

బెత్తం సంగతీ దాచను. పాఠశాలల నిర్వహణ గ్రంథంలో బెత్తానికి చోటుంది. చెంపదెబ్బలూ, తన్నడమూ, జుట్టు పట్టి లాగడమూ కూడదని నిషేధించింది, శిక్ష ఎంత తగ్గితే గురువు అంత సమర్థుడన్నది, కాని శిక్షను రద్దు చేయలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో ఉత్తర ఐర్లండులోని కిర్కబిన్ దగ్గర ఈ సభ నడిపిన బాలుర ఆశ్రమంలో జరిగిన అత్యాచారాలను అక్కడి అధికారిక విచారణసంఘం 2017 నివేదికలో నమోదు చేసింది. సభ క్షమాపణ చెప్పుకొన్నది. ఆ పిల్లలు మౌనంగా భరించిన ఏళ్ళకు క్షమాపణ సరిపోదు. పేదపిల్లవాడి బతుకంతా ఒక సంస్థ చేతిలో పెట్టి లోకం మొగం తిప్పుకొంటే ఏమవుతుందో అదే అయింది.

ఇంకొక ఆక్షేపణ నా వాదానికే తగులుతుంది. లసాల్ ఫ్రెంచి రీమ్స్ పిల్లవాడికి ఇంటిభాష. 1703లో అవిన్యోన్‌లో, 1706లో మార్సేయ్‌లో బళ్ళు తెరిచినప్పుడు అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడేది ప్రొవాన్సాల్. వాళ్ళకు ఫ్రెంచి ఇంటిభాష కాదు. అంటే లాటిన్ స్థానంలో మరో పెద్దభాష. ఆక్షేపణ న్యాయమైనదే. ఆదిలాబాదులో గోండు బిడ్డకూ, శ్రీకాకుళం మన్యంలో సవర బిడ్డకూ మన తెలుగు అటువంటిదే. తెలుగు తెలుగు అని గుండెలు బాదుకొనేవారిలో ఈ బిడ్డలను తలచుకొనేవారెందరు? గిడుగు రామమూర్తి పంతులుగారు తలచుకొన్నారు. పర్లాకిమిడిలో ఉంటూ సవరభాష నేర్చుకొని, దానికి పుస్తకాలు కట్టి, సవర పిల్లలకు సవరలో చదువు చెప్పించారు. వ్యావహారిక భాషకోసం పండితులతో పోరాడిన మనిషే ఆ పనీ చేశాడు. ఆయన దృష్టిలో రెండూ ఒకటే పని. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మనం మొదటి సగమే గుర్తుపెట్టుకొన్నాం.

ఇక మన సంగతి

కాన్వెంటు వాదం చేసే మిత్రులకు నా జవాబు ఇది. మీరు కాన్వెంటునుంచి దిగుమతి చేసుకొన్నది గంట, బల్లలు, టై, జరిమానా. ఆ తరగతిగదికి పునాది వేసినవాడు గదిలోకి రాగానే చేసిన మొదటి పనిని మీరు రేవులోనే వదిలేశారు. మిషనరీ చదువు మహిమ ఇంగ్లీషులో ఉన్నదనడం దీపం వెలుగు కుందె ఇత్తడిలో ఉన్నదనడం వంటిది. శిక్షణ పొందిన గురువు, ఎడతెగని శ్రద్ధ, ఒకే బల్ల: ఈ మూడూ ఇంగ్లీషు లేకుండా రీమ్స్‌లో పనిచేశాయి. ఈ మూడూ లేకుండా ఇంగ్లీషు మన ఊళ్ళలో పనిచేయదు.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుతున్నారు గదా అంటారు. కోరుతున్నారు, నిజమే. వాళ్ళ కోరికను చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. ఇంగ్లీషు ఈనాటి నిచ్చెన అని వాళ్ళకు తెలుసు. అది వాళ్ళ పిల్లలకు రావలసిందే. కాని తల్లి కోరేది బిడ్డకు ఇంగ్లీషు రావడం. మనం ఇస్తున్నది ఇంగ్లీషులో అన్నీ రాకపోవడం. ఈ రెంటికీ తేడా వివరించవలసిన విద్యావంతులు ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో చెబితే నామీదికే వస్తుంది.

మా అమ్మాయి ఆంగ్లమాధ్యమంలో చదివింది. నేను తెలుగుమాధ్యమం గురించి వ్యాసాలు రాస్తూ, సభల్లో మాట్లాడుతూ, ఉదయం తొమ్మిదింటికి దాన్ని ఆ బడి గేటు దగ్గర దింపి వచ్చేవాణ్ణి. ఒకనాడు మా ఇంట్లో పనిచేసే ఆవిడ, "అయ్యగారూ, మా వాణ్ణి కూడా పాపగారి బళ్ళో చేర్పించరాదా?" అని అడిగింది. మాతృభాషలో చదివితే బుర్ర వికసిస్తుందని చెప్పబోయి నోరు మూసుకొన్నాను. ఆ మాట చెప్పి ఉంటే నేను లసాల్ పక్షం అయ్యేవాణ్ణి కాను, లా షలోతే పక్షం అయ్యేవాణ్ణి. మాటలు లసాల్‌వే, స్థానం లా షలోతేది. "మీకేం బాబూ, మీకు పదవి ఉంది" అని రీమ్స్ ఉపాధ్యాయులు అన్నమాట ఆవిడ నన్ను అనలేదు. అనే అవసరం లేదు.

కాబట్టి ఇరుపక్షాలకూ కలిపి చెబుతున్నాను. పేదవాడి తొలి పుస్తకం వాడి ఇంటిభాషలోనే ఉండాలి. అయిదేళ్ళు చదువు ఆ భాషలో సాగాలి. ఇంగ్లీషును భాషగా, దానికని శిక్షణ పొందిన గురువుచేత, మొదటినుంచి శ్రద్ధగా నేర్పాలి. ఇందులో కొత్తదేమీ లేదు. కొత్తది ఒకటే, దాన్నే ఎవరూ ముట్టుకోరు. ఈ నియమం సర్కారు బడికీ ప్రైవేటు బడికీ, కలెక్టరు కొడుక్కీ కూలివాడి కొడుక్కీ ఒక్కటే కావాలి. పేదవాడికి మాత్రమే తెలుగు అంటే అది వివక్ష. పేదవాడికి మాత్రమే గురువు లేని ఇంగ్లీషు అంటే అదీ వివక్షే. శాసనసభ్యులూ, ఉద్యోగులూ, ఉపాధ్యాయులూ, నాబోటి రాతగాళ్ళూ తమ పిల్లలను కూర్చోబెట్టని బల్లమీద మరొకరి పిల్లలు ఏ భాషలో చదవాలో నిర్ణయించడం మానుకోవాలి. నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను. మా అమ్మాయి విషయంలో ఇక చేయగలిగింది లేదు. నేను చేసింది ఒప్పుకోకుండా ఇకపై సభల్లో ఈ విషయం మాట్లాడకూడదని మాత్రం నిర్ణయించుకొన్నాను.

1900లో రోము ఆయనను పునీతుణ్ణి చేసింది. 1950లో ఉపాధ్యాయులందరికీ పాలకపునీతుడని ప్రకటించింది. నేను ఆయన మతస్థుణ్ణి కాను. ఆయన బడి పెట్టిన ముఖ్యోద్దేశం జ్ఞానోపదేశమని, అంటే పిల్లలకు మతబోధ అని, నాకు తెలుసు. ఆ ఉద్దేశంతో నాకు పని లేదు. కాని ఒక వాదం గెలవడానికి ముందు తన కుర్చీ వదులుకొన్న మనిషి చరిత్రలో అరుదు. అటువంటివాడి పేరుమీద నడిచిన సభలోనే ఆ వాదం మరుగున పడిందంటే మన ఉత్తర్వులు, మన ఉద్యమాలు ఎంత?

ఆ దర్జీగారి అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. మొదటి తరగతిలో వాడి చేతికి తెలుగు పుస్తకం ఇచ్చి ఉంటే వాడు మాట్లాడేవాడు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. సందేహం ఉన్నవారు తమ వాదం వినిపించవచ్చు. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ముందు చెప్పి, ఆ తరవాత మొదలుపెట్టండి.